పొగ మానిన పిదప

దురభ్యాసమును మానుమని బోధించువారు లోకమున కోకొల్లలు. మానినవానిని మెచ్చుకొనువారును కలరు. కాని మానిన మరునాటినుండి ఆ యింటిలో నేమి జరుగునో చెప్పువారు అరుదు. భర్త సిగరెట్టు విడిచెనన్న సంతోషముతో ఇల్లాలు దేవునికి కొబ్బరికాయ కొట్టి, కష్టము గట్టెక్కినదని తలంచును. మూడుమాసములు తిరుగకమునుపే అతని చొక్కాకు బొత్తాములు పట్టవు. పంట్లాము నడుమునకు చాలదు. అద్దము చూచినపుడెల్ల ముఖము చిన్నబోవును. "ఈ బరువుకంటె ఆ పొగయే మేలేమో" యను మాట ఒకనాడు నోటివెంట వెడలును. ఆ మాటకు ఇల్లాలు ఏమని బదులు చెప్పవలెను? అదియే ఈ వ్యాసమునకు విషయము. మా యింటి యనుభవమునే వ్రాయుచున్నాను. ఇందుకు మావారి యనుమతి కలదు.

మాది కడపజిల్లాలోని చక్రాయపేట. చుట్టును మెట్టపొలములు, చెనిక్కాయ చేలు. పాపఘ్నీనది కొండలను చీల్చుకొని పారుచోట వెలసిన గండి వీరాంజనేయస్వామి క్షేత్రము మా మండలములోనిదే. మావారు ఉపాధ్యాయులు. నేను బడికి పోయి చదివినది స్వల్పము. మా తండ్రిగారు ఇంటివద్దనే అమరముతో ఆరంభించి రఘువంశమువరకును, భారత భాగవతములును చెప్పి, తమకు మిక్కిలి ప్రియమైన చరకసంహితలోని కొన్ని యధ్యాయములనుగూడ చదివించిరి. ఆ చదువు నా కీ విషయమున అక్కరకు వచ్చినది. దానిని ముందు చెప్పెదను.

మావారికి సిగరెట్టు కళాశాలలో అంటినది. దినమునకు పండ్రెండు చొప్పున పదునాలుగేండ్లు కాల్చిరి. 2003వ సంవత్సరపు పొగాకు చట్టము ననుసరించి విద్యాలయములకు నూరుగజముల లోపల సిగరెట్లు అమ్మరాదు. 2008 అక్టోబరు 2వ తేదీనుండి బహిరంగస్థలములలో పొగ త్రాగుటను నిషేధించిన నియమములును అమలులోనికి వచ్చినవి. కావున బడిలో విరామపు గంట కొట్టగానే మావారు నూరుగజములు దాటిపోయి, ఒక చెట్టుచాటున నిలిచి, పొగ పీల్చి, వక్కపలుకు నమలుచు మరల తరగతికి వచ్చుచుండెడివారు. ఒకనాడు మా యేడేండ్ల కుమార్తె సుద్దముక్కను రెండువ్రేళ్లనడుమ పట్టి, పెదవుల కానించి, కన్నులు మూసి, తాపీగా ఊపిరి విడుచుట ఆయన కంటబడినది. ఆయన బిడ్డను ఏమియు ననలేదు. 2024 సంక్రాంతి పండుగనాళ్లలో, భోగిమంటలో పెట్టెను పారవైచి, అంతటితో మానివేసిరి.

మొదటి పదిదినములు ఇల్లు నిప్పులమీద నున్నట్లుండెను. ఆయనకు నిద్ర లేదు. బిడ్డ పుస్తకము జారవిడిచినను కోపమే. ఆ వేడి చల్లారిన పిదప ఆకలి మొదలైనది. పొగచేత మొద్దుబారిన నాలుకకు రుచియు, ముక్కునకు వాసనయు తిరిగి వచ్చినవి. "ఊరుబిండి నూరుతున్నావా? వీధిదాకా వాసన వస్తోందే!" అనుచు లోనికి వచ్చెడివారు. సంగటి ఒకముద్ద తినువారు రెండుముద్దలు తినసాగిరి. సిగరెట్టున కలవాటుపడిన చేయి ఊరకుండదు గదా! పెట్టె యుండిన జేబులో వేయించిన చెనిగ్గింజలు చేరినవి. వానికి బెల్లపుముక్క తోడైనది. బంధువులును ఊరకుండలేదు. పొగ మానినాడన్న సంతోషముతో వదినగారు పిలిచి ఓళిగలు వడ్డించిరి. అత్తగారు శనివారము శనివారమును పాయసము వండించిరి. సంక్రాంతికి 68 కిలోలున్నవారు ఉగాదికి 72, ఆషాఢమునకు 75 కిలోలైరి.

మెచ్చుకొన్న నోళ్లే ఎగతాళికి దిగినవి. తోటి యుపాధ్యాయు డొకరు నలుగురిలో "సార్, మీకిప్పుడు ఎన్నో నెల?" అని యడిగెనట. అందరును నవ్విరి, ఈయనయు నవ్విరి, ఇంటికి వచ్చి భోజనము సగములో లేచిపోయిరి. అత్తగారు కొడుకునెదుట నిలిచి, "అప్పుడే బాగుంటివి నాయనా! సన్నంగా, చూసేదానికి ముచ్చటగా ఉంటివి. ఇప్పుడేమో బానకడుపు పెట్టుకొంటివి" అనిరి. పదునాలుగేండ్లు పొగను గూర్చి ఒకమాట యనని తల్లి, ఆరునెలల పొట్టను గూర్చి ఇంత మాట యనెను. లోకరీతి ఇట్లే యున్నది. పొగ చేయు హాని రొమ్ములోపల దాగి యుండును. పొట్ట వీధిలో అందరికిని కనబడును.

అసలు పొగ మానినవారు లావెక్కుట యెందుచేత? ఇందు మాయ యేమియు లేదు. పొగాకులోని నికోటిన్ అను పదార్థము గుండెను వేగిరపరచి, దేహము తనయందలి శక్తిని ఎక్కువగా కాల్చునట్లు చేయును. 1986లో ప్రకటింపబడిన ఒక స్విట్జర్లాండు పరిశోధనలో, దినమునకు 24 సిగరెట్లు కాల్చువారి దేహము కాల్చనినాటికంటె సుమారు పదవవంతు, అనగా ఇంచుమించు 200 కాలరీలు, అధికముగా వ్యయము చేసెనని తేలినది. 200 కాలరీ లనగా 35 గ్రాముల చెనిగ్గింజలు, ఒక పిడికెడు. పొగ మానినవాడు మునుపటివలెనే తిన్నను ఆ వ్యయము తగ్గినంతమేర దేహమున నిలువ చేరును. దీనికి తోడు నికోటిన్ ఆకలిని అణచును; అది పోగానే అణగియున్న ఆకలి లేచును. చేతికిని నోటికిని కల పాత యలవాటు ఒకటి ఉండనే యున్నది.

ఇది మా యొక్క యింటి వింతయు కాదు. పూర్వపు పరిశోధనలను పెక్కింటిని కూర్చి 2012లో ఒక బ్రిటిషు వైద్యపత్రిక ప్రకటించిన లెక్కప్రకారము, మందుల సాయము లేకుండ పొగ మానినవారు ఏడాదిలో సగటున 4 నుండి 5 కిలోలవరకు పెరుగుదురు. అందులో హెచ్చుభాగము మొదటి మూడునెలలలోనే. నూటికి 16 మంది మాత్రము తగ్గుదురు; 13 మంది 10 కిలోలకు మించి పెరుగుదురు. అనగా ఉగాదినాటికి మావారికి వచ్చిన బరువు శాస్త్రము చెప్పిన వేళకే వచ్చినది. దీనిని ముందే యెరిగిన యింట గుండెదడ తగ్గును. చుట్టము వచ్చునని తెలిసియున్నచో వాకిట చాప వేసి కూర్చుండవచ్చును. తెలియక వచ్చినచో దొంగయని భ్రమింతుము.

ఆషాఢమున పులివెందులలో రక్తపరీక్ష చేయించితిమి. పరగడుపున చక్కెర 112 వచ్చినది. నూరు దాటినచో జాగ్రత్తపడవలెను. 126 మొదలు మధుమేహ మందురు. మా మామగారికి చుట్టయు నుండెను, మధుమేహమును నుండెను. ఏబదియెనిమిదవ యేట గుండెపోటుతో పోయిరి. కావున ఆ కాగితము చూచిననాటి రాత్రి మావారు భోజనముకడ నిట్లనిరి: "రోజుకు రెండే రెండు కాలిస్తే ఈ పొట్ట దిగిపోతుంది. దిగినాక అవి కూడా మానేస్తాను. చక్కెరజబ్బు తెచ్చుకొనేకంటే అది నయం కదా?"

సోదరీమణులారా! ఇది మూఢుని మాట కాదు. భయపడిన మనిషి మాట. అందుకే దానికి ఎగతాళితో బదులు చెప్పరాదు. నే నిట్లంటిని: "ఏమండీ, రెండుతో నిలిచేదైతే పన్నెండుదాకా ఎందుకు పోతిరి?" ఆయన పలుకక లేచి వీధిలోనికి పోయిరి. గంటకు తిరిగివచ్చిరి. చొక్కా వాసన చూడవలెనని నాకు ప్రాణము కొట్టుకొనెను. చూడలేదు. నే నెరిగినంతవరకు, భార్య యనుమానము ఏ పురుషునిచేతను ఏ యలవాటును మాన్పింపలేదు. మరునాటి యుదయమున ఆయనయే చెప్పిరి: అంగడిముందు చిల్లర చేతబట్టుకొని నిలిచి, నిలిచి, తుదకు సోడా త్రాగి వచ్చిరట.

ఆ వారముననే వైద్యునికడకు పోయి మావారి ప్రశ్ననే యడిగితిమి. ఆయన 2018లో ఒక అమెరికా వైద్యపత్రికలో వెలువడిన పరిశోధనను చెప్పిరి. నర్సులును, ఇతర వైద్యవృత్తులవారును అయిన లక్షాయరువదివేలకు పైబడిన స్త్రీపురుషులను ఏండ్లతరబడి కనిపెట్టి వ్రాసినది అది. పొగ మాని బరువెక్కినవారికి మధుమేహభయము కొన్నియేండ్లు పెరుగుట నిజమే. అది మానిన 5 నుండి 7 ఏండ్లకు మిక్కిలి హెచ్చై, పిదప క్రమముగా దిగును. బరువు పెరుగనివారికి ఆ భయము పెరుగలేదు. కాని గుండెజబ్బుచేతను, ఇతరకారణములచేతను మరణించు నపాయము మాత్రము, బరువు ఎంత పెరిగినను పెరుగకున్నను, పొగ త్రాగుచున్నవారికంటె మానినవారికే తక్కువగా నుండెను. "రెండు ప్రమాదములు ఉన్నవి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదానిని దాటివచ్చినారు, చిన్నదానికి భయపడి వెనుకకు పోవద్దు" అని వైద్యుడు ముగించెను. పొగ త్రాగువారు తూకమునకు తక్కువగా నున్నను, వారికి కొవ్వు నడుముచుట్టును చేరుట అధికమనికూడ చెప్పెను. పొట్టకు పొగ మందన్న మాట దీనితో పోయినది.

మరి పొగ సన్నబరచునన్న తలంపు ఇంతగా పాదుకొనుటకు కారణమేమి? కొంత అనుభవము, కొంత వ్యాపారము. 1928లో అమెరికాలోని ఒక సిగరెట్టు సంస్థ తన లక్కీస్ట్రైక్ అను సరకును అమ్ముటకై, మిఠాయికి మారుగా సిగరెట్టు నందుకొనుడని స్త్రీలకు ప్రకటనలమీద ప్రకటనలు గుప్పించెను. మిఠాయి వర్తకులు గగ్గోలు పెట్టిరి. సన్నని నడుముపై స్త్రీకి కల మోజును ఎరగా వేసి, ఆమె యూపిరిని కొనుటకు పన్నిన పన్నుగడ అది. వర్తకుడు చెప్పిన మాట నేడు మన యింటి భోజనపంక్తిలో మనవారి నోట మందువలె వినబడుచున్నది.

ఇక బరువును దించుట యెట్లు? ఊరివారి సలహాలకు కొదువ లేదు. పొరుగింటివారు తేనెయు నిమ్మరసమును కలిపి పరగడుపున త్రాగుమనిరి. మావారు రెండుమాసములు త్రాగిరి, తులమైనను తగ్గలేదు. వేరొకరు ఒంటిపూట భోజనము మంచిదనిరి. నాలుగవనాడు సాయంకాలము ఆకలిచేత చేతులు వణకి, సిగరెట్టుపై మనసు మునుపెన్నడును లేనంతగా లాగెనని ఆయన చెప్పిరి. వైద్యు డది విని వెంటనే మానుమనెను. కడుపు మాడిన వేళ పాత కోరిక బలము పుంజుకొనునట. పొగ మానిన తొలినెలలలో కటికయుపవాసములు చేయించువారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

అప్పుడు నాకు తండ్రిగారు చెప్పిన చదువు గుర్తుకు వచ్చినది. చరకసంహిత సూత్రస్థానమున అయిదవ యధ్యాయమునకు మాత్రాశితీయ మని పేరు. మితముగా భుజింపవలెనని చెప్పుచు ఆరంభమగును. చిత్రమేమనగా, ధూమపానవిధియు ఆ యధ్యాయముననే యున్నది. ఆ ధూమము పొగాకుది కాదు. పరిమళద్రవ్యములను నూరి వత్తిగా చేసి, కఫాదులకు వైద్యముగా పీల్చినది. పొగాకు అమెరికాఖండపు మొక్క. మన దేశమునకు పోర్చుగీసువారి ద్వారా వచ్చినది. అయినను అన్నమునకు మాత్రయు, పొగకు మాత్రయు ఒక్కచోటనే చెప్పిన ఆ పెద్దల క్రమము నన్ను ఆలోచింపజేసినది. ఏడవ యధ్యాయమున, అలవాటుపడిన అహితమును పాదము పాదము చొప్పున విడువవలెననియు, ఇరువదియొకటవ యధ్యాయమున, అతిస్థూలుని చికిత్స అతికృశుని చికిత్సకంటె కష్టమనియు, స్థూలునకు కడుపునకు బరువుగా నుండి దేహమును అంతగా పోషింపని యాహారము తగుననియు కలదు. నేటి వైద్యులు పీచుపదార్థము తినుమని చెప్పుట దీనికి దూరము కాదు. పొగను ఒక్కసారిగా మానిన మావారికి అన్నమును మాత్రము పాదము చొప్పున తగ్గింప నిశ్చయించితిని.

మా ప్రాంతమున సంగటి తిన్నచో లావెక్కరని నమ్మకము. 100 గ్రాముల రాగులలో సుమారు 320 కాలరీలు, అంత తూకము బియ్యములో సుమారు 350 కాలరీలు కలవు. భేదము స్వల్పమే. రాగిలో పీచు హెచ్చుటచే ఆకలి నిలుచును. అది దాని గుణము. ఆ గుణమును నమ్మి రెండుముద్దలు తిన్నచో ఫలము సున్న. కావున ఒక చిన్నగిన్నెను కొలతగా పెట్టి, ఆ గిన్నెడు ముద్ద యొక్కటే వడ్డించితిని. విస్తరిలో మొదట బీరకాయయో, సొరకాయయో, గోరుచిక్కుడో, ఆకుకూరయో నిండుగా పెట్టి, ముద్దను పిదప పెట్టితిని. నూనె చెంచాతో కొలిచి పోసితిని; ఒక చిన్న చెంచా నూనె 45 కాలరీలు. జేబులోని చెనిగ్గింజలు డబ్బాలోనికి పోయినవి. సాయంకాలము నాలుగింటికి అరపిడికెడు మాత్రము బయటికి వచ్చును. తక్కిన వేళల ఆకలి కదలినచో పలుచని మజ్జిగ, దోసకాయముక్కలు. ఆయన కొకటి, మా కొకటిగా వండలేదు. ఇంటిల్లిపాదికిని ఇదే వంట. వేరువంట రోగిని చేయును. ఒకటే వంట అలవాటగును.

నడక విషయమున ఆయనయే ఉపాయము కనుగొనిరి. విరామవేళ పొగకై నూరుగజములు పోవు కాళ్లు ఆ గంట విన్నంతనే లేచుచుండెను గదా. ఆ కాళ్లను ఆపక, ఆ నూరుగజములను దాటించి ముందునకు నడిపించిరి. తెల్లవారుజామున చేలగట్లవెంట నలువది నిమిషములు నడచుట తరువాత చేరినది. కోరిక లేచినపుడు అది కొద్దినిమిషములలో తానే దిగును. ఆ కొద్దినిమిషములకు పాదములకు పని యుండవలెను.

త్రాసును దినదినము ఎక్కుట మాన్పించితిని. ఆదివార మొక్కమారు చాలును. పొద్దున పావుకిలో పెరిగినదని దిగులుపడి, సాయంకాలము అంగడివైపు చూచుటకంటె, త్రాసును అటకపై పెట్టుట మేలు.

ఫలమును ఉన్నదున్నట్లు చెప్పెదను. దసరా దీపావళుల పిదప, 2024 నవంబరులో, 76 కిలోలైరి. ఆ రాత్రి ఇద్దరమును మాటాడుకొనలేదు. 2025 ఉగాదికి 74 కిలోలకు దిగిరి. వేసవిలో పెండ్లివిందులవలన రెండుమాసములు ఒక్కచోటనే నిలిచిరి. 2025 దీపావళికి 71న్నర కిలోలు. నడుము 98 సెంటీమీటర్లనుండి 92కు వచ్చినది. మన దేశపు పురుషులకు 90కి లోపుండవలెనని వైద్యులందురు. పరగడుపు చక్కెర 101. పాత పంట్లాములు ఇంకను పట్టలేదు. వానిని పెట్టెలోనుండి తీసి బీదవారి కిచ్చివైచితిని. పట్టని బట్టలు కంటియెదుట నుండుట నిత్యము నిందవంటిది. ఈ కాలమంతయు ఒక్క సిగరెట్టును ఆయన ముట్టలేదు. నా లెక్కలో ఇదియే మొదటి యంకె; తక్కినవి దాని తరువాతివి.

ఇల్లాండ్రకు ప్రత్యేకముగా ఒకమాట. భర్త లావెక్కినచో "ఏమి పెట్టుచున్నదో" యందురు. సన్నబడినచో "ఏమియు పెట్టదేమో" యందురు. ఈ రెండుమాటలకును చెవి నీయకుడు. చుట్టములు ఓళిగ పెట్టిరేని తిట్టవలదు; ఒకటి తినిపించి, రెండవది మూటగట్టించుకొనుడు. ఇంటిలో పొట్టను గూర్చిన హాస్యమును నిషేధింపుడు. ఆ హాస్యము మనిషిని అద్దముకడనుండి నేరుగా అంగడికడకు నడిపించును.

పొగాకుతో స్త్రీలకు పనిలేదని తలంపవలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పెద్దముత్తైదువలు అడ్డచుట్ట, అనగా నిప్పుకొనను నోటిలోపల పెట్టుకొని, కాల్చుట ప్రసిద్ధమే. మా వైపు తాంబూలములో పొగాకు నంజుకొను అత్తలు, జేజులు ఎందరో. మా అత్తగారును వారిలో నొకరు. నమలినను కాల్చినను నికోటిన్ నికోటినే. అట్టివారు మానినపుడును ఆకలియు, చిరాకును, బరువును వచ్చును. మగవాని పొట్టను నలుగురు చూతురు. ముసలమ్మ యవస్థను ఎవరును చూడరు. మనము చూడవలెను. కుమారుడు మానుట చూచి మా అత్తగారు పొగాకును పూటకొకమారునకు తగ్గించిరి. పాదము పాదము చొప్పున ముందునకు పోవుదురని యాశించుచున్నాను.

మానదలచినవారికి ప్రభుత్వమువారి ఉచిత ఫోను 1800-11-2356 కలదు. మానుటకు తగిన సలహా చెప్పుదురు. బరువు భయముననే మానక వెనుదీయువారు వైద్యుని ముందే యడిగి, మొదటి మూడునెలలకు వంటయు నడకయు సిద్ధపరచుకొనవచ్చును. పండుగకు వారము ముందే పిండివంటల సరకు తెచ్చుకొను మనకు, ఈ ముందుచూపు క్రొత్త విద్య కాదు.

కాబట్టి, అమ్మలారా, అక్కలారా! మీ యింటి పురుషుడు పొగ మాని నాలుగు కిలోలు పెరిగెనేని, ఆ నాలుగు కిలోలను ఆయన యోటమిగా నెంచకుడు. అది బాకీ, నెమ్మదిగా తీరును. పొగతో పోవు ఊపిరి ఏ వాయిదాలకును తిరిగిరాదు. బాకీ తీర్చుటలో తొందరపడి, మరల ఆ పాత షావుకారు వాకిటికే పోనీయక కాచుకొనుడు.